లీటరు లీటరుకూ తేడా ఉంది: హైబ్రిడ్, డీజిల్ మైలేజీ లెక్కల్లో అపోహలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఎక్కడ కారు కొనే మాట వచ్చినా ఇప్పుడు ఒకటే పంచాయితీ. హైబ్రిడ్ మేలా, డీజిల్ మేలా? ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ లీటరుకు 23 కిలోమీటర్లు ఇస్తుందని ఒకరంటే, హైవే ఎక్కితే డీజిల్ ముందు ఏదీ ఆగదని ఇంకొకరు. ఇద్దరిదీ పూర్తి అబద్ధం కాదు. తిరకాసంతా పోల్చే పద్ధతిలోనే ఉంది. లీటరుకు ఇన్ని కిలోమీటర్లనే కొలత నిఖార్సుగా కనిపిస్తుంది కానీ, రెండు వేరు ఇంధనాలను దానితో పోల్చడమంటే వేర్వేరు తూకపురాళ్లతో తూచడమే.

లీటరు ఎక్కడైనా లీటరే కదా అన్నది మొదటి అపోహ. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది, పెట్రోల్ 750 గ్రాముల దగ్గరే ఆగుతుంది. డీజిల్‌లో శక్తి కూడా ఎక్కువే. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే. అన్నీ కలిపి చూస్తే లీటరు డీజిల్‌లో దాదాపు ఐదో వంతు శక్తి ఎక్కువ ఉంటుంది. ఈ తేడా ఎంత పని చేస్తుందో 2008లో లండన్ పత్రిక సండే టైమ్స్ పెట్టిన పరీక్షలో కనిపిస్తుంది. లండన్ నుంచి జెనీవా దాకా బీఎండబ్ల్యూ 520డి డీజిల్‌నూ, టయోటా ప్రియస్ హైబ్రిడ్‌నూ నడిపారు. మన లెక్కలో డీజిల్ లీటరుకు సుమారు 17.8 కిలోమీటర్లు, హైబ్రిడ్ 17 ఇచ్చాయి. డీజిల్ గెలిచిందని పతాక శీర్షికలు వచ్చాయి. కానీ లీటరు డీజిల్ కాలితే సుమారు 2.65 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, పెట్రోల్‌కైతే 2.3 కిలోలే. అంటే కిలోమీటరుకు డీజిల్ 149 గ్రాములు వదిలితే ప్రియస్ 135 వదిలింది. లీటర్లలో ఓడిన బండి గ్రాముల్లో గెలిచింది! అలాగని ఇదీ పూర్తి న్యాయం కాదు. ఆ బీఎండబ్ల్యూ ప్రియస్ కంటే పెద్దది, బరువైనది. సరిజోడి కాని బండ్లను పోటీకి దింపినప్పుడు ఎవరు గెలిచినా అనుమానం మిగులుతుంది.

మన దగ్గర జరిగేదీ అదే. హైక్రాస్ హైబ్రిడ్‌ను క్రిస్టా డీజిల్‌తో పోలుస్తారు, రెండింటి పేరూ ఇన్నోవానే కాబట్టి. క్రిస్టా లారీలా ఛాసిస్ మీద బాడీ బిగించిన బండి, వెనక చక్రాలు లాగుతాయి. హైక్రాస్‌కు విడి ఛాసిస్ లేదు, బరువు తక్కువ, ముందు చక్రాలు లాగుతాయి. మైలేజీలో కనిపించే తేడాలో కొంత ఈ కట్టుబడిదే. మొత్తాన్నీ బ్యాటరీ ఖాతాలో వేస్తే ఎలా? ఇక కంపెనీ చెప్పే 23.24 అంకె పుట్టింది ల్యాబులో, రోలర్ల మీద. మన దేశపు పరీక్షా పద్ధతిలో బండి 10 కిలోమీటర్లకు పైచిలుకు దూరం నడుస్తుంది. సగటు వేగం గంటకు 32, ఎంత పెంచినా 90 దాటదు, ఏసీ వెయ్యరు. మే నెలలో గద్వాలలో ఏసీ వెయ్యకుండా కారు నడిపేదెవరు?

హైబ్రిడ్ సగం కరెంటుతో నడుస్తుందన్న నమ్మకం కూడా గట్టిగానే ఉంది. మన షోరూముల్లో దొరికే ఈ హైబ్రిడ్లకు ఛార్జింగ్ ప్లగ్గే లేదు. బ్యాటరీలో చేరే ప్రతి యూనిట్టూ చివరికి పెట్రోల్ నుంచి వచ్చిందే. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత పట్టి దాచడం, ఇంజన్ నీరసంగా తిరగాల్సిన చోట దాన్ని ఆపేయడం, ఇదే అందులోని కిటుకు. అంటే బ్రేకులు ఎక్కువ పడే చోట లాభం ఎక్కువ. గద్వాల కోట చుట్టుపక్కల బజారులో ఆటోల వెనక ఆగుతూ కదులుతూ వెళ్లే బండికి ఇది వరం. అదే బండి ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి హైదరాబాద్ దారి పట్టిందనుకోండి. శాఖాపూర్, రాయికల్ టోల్‌గేట్ల దగ్గర తప్ప పెద్దగా బ్రేకు పడదు, దాచడానికి ఏమీ దొరకదు. వేగం 80 నుంచి 100కు పెంచితే గాలి వెనక్కి నెట్టే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దాన్ని మోయాల్సింది ఇంజనే. నిలకడగా బరువు లాగడంలో డీజిల్‌కు మొదటి నుంచీ మంచి పేరు. మన్ననూరు దాటి నల్లమల ఘాట్ దిగేటప్పుడు హైబ్రిడ్‌కు బ్యాటరీ నిండుతుంది నిజమే, కానీ అది చిన్న డబ్బా. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లో ఉన్నది ముప్పావు యూనిట్టుకు కొంచెం ఎక్కువ. నిండాక మిగిలిన వాలంతా వృథాయే.

సామాన్యుడికి ఈ కార్బన్ డయాక్సైడ్ గ్రాముల లెక్కెందుకు, జేబులోంచి పోయేది రూపాయే కదా అంటారా? న్యాయమైన మాటే. హైదరాబాద్‌లో 2025లో పెట్రోల్ సుమారు 107 రూపాయలు, డీజిల్ 96. డీజిల్ బండి 17 ఇస్తే హైబ్రిడ్ 19 ఇచ్చినప్పుడే ఖర్చు సమానం. హైబ్రిడ్ 21 ఇచ్చిందనుకుంటే కిలోమీటరుకు 55 పైసలు మిగులుతుంది, ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగితే 8 వేల చిల్లర. హైక్రాస్ హైబ్రిడ్‌కూ క్రిస్టాకూ ధరలో తేడా మాత్రం లక్షల్లో ఉంటుంది. ఈ రూపాయి లెక్కలోనూ ఒక మాయ ఉంది. రాయచూరు వెళ్లి కర్ణాటక ధరకు పోయించుకున్న డీజిల్‌ను గద్వాల బంకు పెట్రోల్‌తో పోల్చి, డీజిల్ ఎంత చవకో చూశావా అంటే అది పన్నుల తేడానే గానీ ఇంజన్ గొప్పతనం కాదు.

డీజిల్ అభిమానులు మరిచిపోయేది ఇంకొకటుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. బజారులోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగితే అది వేడెక్కదు, మసి కాలదు, మీటరులో లైటు వెలుగుతుంది. అప్పుడు హైవే మీద కాసేపు పరుగెత్తించాలి. ఆ ఇంధనం కూడా మైలేజీ లెక్కలోకి రావాల్సిందే.

అందుకే పోల్చదలిస్తే ఒకే బంకులో, నాజిల్ తనంతట తానే ఆగేదాకా ట్యాంకు నింపి, ఒకే దారిలో, ఒకే బరువుతో, ఏసీ వేసి, కనీసం మూడు ట్యాంకులు తిప్పి చూడండి. తెర మీద కనిపించే మైలేజీ అంచనా మాత్రమే. ఇక తీర్పు చెప్పమంటే, హైదరాబాద్ ట్రాఫిక్‌లో వచ్చిన హైబ్రిడ్ మైలేజీ మన దగ్గర రాదు. మన మూడు పట్నాలూ ఈ చివర నుంచి ఆ చివరికి కొద్ది కిలోమీటర్లే. ఇక్కడి కారు మీటరు పెరిగేది ఎక్కువగా హైవే మీదే.