అడగడం వేరు, అడ్డగించడం వేరు

"విధి నిర్వహణకు ఆటంకం కలిగించినాడు" అన్న మాట పత్రికల్లో చదవని వారుండరు. ఊరేగింపు జరిగిన మర్నాడు విద్యార్థుల మీద పెట్టే కేసుల్లోనూ ఇది తరచు కనిపిస్తుంది. సంచికకు పనికివచ్చే వ్యాసం ఏదైనా వ్రాయమని విద్యార్థి సంఘం వారు కోరినప్పుడు, ఈ ఒక్క మాటను గూర్చి వ్రాస్తే చాలుననిపించింది. పోలీసును ప్రశ్నిస్తేనే కేసు అని కొందరు భయపడతారు. చెయ్యి చేసుకుంటే గాని కేసు కాదని మరికొందరు ధైర్యంగా ఉంటారు. రెండూ పొరపాటే.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో ఇది 186వ సెక్షను. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 221వ సెక్షను. ప్రభుత్వ సేవకుడు తన విధిని నిర్వర్తిస్తుండగా బుద్ధిపూర్వకంగా అడ్డుపడితే 3 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా 500 రూపాయలకు మించదు. ఇప్పుడది 2,500 దాకా పోవచ్చును. నూట అరవై నాలుగేళ్ల తర్వాత నెంబరు మారింది, జరిమానా పెరిగింది, సారం మాత్రం అదే.

ఇందులో "బుద్ధిపూర్వకంగా" అన్న మాట ముఖ్యం. గుంపులో ఇరుక్కుని కదలలేకపోయినవాడు నేరస్థుడు కాడు. కదలగలిగి, కదలమన్నా కదలనివాడి సంగతి వేరు.

చెయ్యెత్తితే కథ మారుతుంది. ఉద్యోగిని విధి నుండి ఆపడానికి దౌర్జన్యం చేస్తే పాత 353, కొత్త 132వ సెక్షను: 2 సంవత్సరాల వరకు జైలు. గాయమైతే 121వ సెక్షను వచ్చి శిక్ష ఇంకా పెరుగుతుంది. మా ప్రాంతం వారికి పుంగనూరు సంగతి గుర్తుండే ఉంటుంది. 2023 ఆగస్టు 4న ఒక రాజకీయ పర్యటన సందర్భంగా రాళ్లు పడ్డాయి, పోలీసు వాహనాలు తగలబడ్డాయి, పలువురు పోలీసులు గాయపడ్డారు, ఒక కానిస్టేబుల్ కంటికి తీవ్రమైన దెబ్బ తగిలింది. ముందు ఎవరు రెచ్చగొట్టారన్న దానిపై ఉభయ పక్షాల వారూ ఎవరి కథ వారు చెప్పుకున్నారు. అది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. నేను చెప్పేదల్లా ఒక్కటే. దారి మళ్లించడం మీద మొదలైన వాగ్వాదం హత్యాయత్నం కేసుల దాకా పోవడానికి ఒక్క పూట చాలింది.

ఇక రెండో వైపు. అడగడం నేరమా? కానే కాదు. ఒకరిని అరెస్టు చేస్తున్నారనుకోండి. "ఏ కేసు మీద సార్? ఏ స్టేషనుకు తీసుకుపోతున్నారు?" అని అడగవచ్చు. అరెస్టుకు కారణం తెలుసుకునే హక్కు, వకీలును పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చినవే. విమర్శ కూడా ఆటంకం కాదు. 2013లో బెంగుళూరులో ఒక దంపతులు, ఇన్‌స్పెక్టరు తమతో దురుసుగా ప్రవర్తించాడని ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో వ్రాశారు. వారిపై 353 కింద కేసు పెట్టారు. 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది. దౌర్జన్యమూ లేదు, విధికి ఆటంకమూ లేదు, ఇక నేరమెక్కడిది?

ఇంకో రక్షణ కూడా కలదు. 221 కింద కోర్టు కేసు చేపట్టాలంటే ఆ ఉద్యోగి గాని, ఆయన పై అధికారి గాని, ఆ ఉద్యోగి అధికారమిచ్చిన మరో ప్రభుత్వ సేవకుడు గాని వ్రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చెయ్యాలి. అయితే దౌర్జన్యం సెక్షనుకు ఈ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 1966లోనే తేల్చింది. కాబట్టి నోటితో అడిగినంతసేపే ఈ గొడుగు. చెయ్యి లేచిందా, గొడుగు పోయినట్లే.

"మరి పోలీసే తప్పు చేస్తే?" అని మీరడగవచ్చు. సద్భావంతో చేసిన పనిలో చట్టరీత్యా కొంత లోపమున్నా, ప్రాణానికి గాని తీవ్రమైన గాయానికి గాని భయం లేనంతవరకు ఎదురు తిరిగే హక్కు లేదంటుంది న్యాయ సంహిత 37వ సెక్షను. అప్పుడు మన ఆయుధాలు పై అధికారికి అర్జీ, కోర్టు, పత్రిక. అవి నిదానమే. కాని రాయి కంటే గట్టివి.

ఇదంతా పోలీసుల సంగతే అనుకోకండి. మాది వెంకటగిరికోట. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక దారి పలమనేరుకు, ఒకటి కుప్పానికి, ఒకటి కె.జి.ఎఫ్. వైపు, ఇంకొకటి ఘాటు దిగి పేర్ణంబట్టుకు పోతాయి. ప్రమాదం జరిగితే జనం పరుగున వస్తారు. సాయం చేసేవారు నలుగురు, చూసేవారు నలభై. ఆ నలభై మందిని తోసుకుని 108 లోపలికి రావాలి. ఎవరికీ దురుద్దేశం ఉండదు, కాని రక్తం పోతున్నవాడికి ఆ తేడా తెలియదు. కౌండిన్య అడవి నుండి ఏనుగులు పొలాల్లోకి దిగినప్పుడూ ఇదే తంతు. అటవీ సిబ్బంది వాటిని మళ్లించాలని చూస్తుంటే, సెల్‌ఫోన్లు పట్టుకున్న గుంపు అడ్డం నిలబడితే ఏనుగుకూ దారి ఉండదు, మనిషికీ ఉండదు.

2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 194-ఇ సెక్షను ప్రకారం అంబులెన్సుకు గాని, ఫైరింజనుకు గాని దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రైవేటు ఆసుపత్రి డాక్టరు, నర్సు ప్రభుత్వ సేవకులు కారు గనుక వారికి 221 అండ లేదు. ఆ లోటు తీర్చడానికే ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ప్రత్యేక చట్టం చేసి, వైద్య సిబ్బందిపై దాడికి 3 సంవత్సరాల వరకు జైలు విధించారు. కరోనా కాలంలో, 2020లో, కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని సవరించి ఇంకా కఠినం చేసింది.

విద్యార్థి మిత్రులారా! చట్టం తెలియదనడం సాకు కాజాలదంటారు. చట్టం తెలిసినవాడికి అనవసరమైన భయమూ ఉండదు, అనవసరమైన తెగింపూ ఉండదు. ఎక్కడైనా గుంపు కనిపిస్తే ముందు మనల్ని మనమే ఒక ప్రశ్న వేసుకుందాం: నేనిక్కడ అడుగుతున్నానా, అడ్డుపడుతున్నానా? అడుగుతుంటే గొంతు తగ్గించనక్కర లేదు. అడ్డుపడుతుంటే మాత్రం రెండడుగులు వెనక్కి వెయ్యండి. ఆ రెండడుగుల మేరలోనే ఎవరి ప్రాణమో వెళ్లవలసిన దారి ఉండవచ్చు.