ట్రాక్టరు ట్రాలీకి దీపాలు, బ్రేకులు: వైరింగులో పాటించవలసిన మెలకువలు

వరి కోతలు, చెరకు నరుకుడు, పత్తి తీతలు సాగే నెలల్లో దుక్కి యంత్రంగా కొన్న ట్రాక్టరు రవాణా వాహనంగా మారుతుంది. పగలు కోసిన పంటను కళ్లానికి, మార్కెట్ యార్డుకు, ఫ్యాక్టరీకి చేర్చే పని తరచుగా చీకటి పడ్డాకే జరుగుతుంది. ట్రాక్టరుకు వెనుక దీపాలను, ఇండికేటర్లను, బ్రేకులను తయారీదారే అమర్చి ఇస్తాడు. ట్రాలీ తగిలించి బస్తాలు పేర్చగానే ఆ దీపాలు వెనుక నుంచి వచ్చేవారికి కనిపించకుండా పోతాయి. రెండు టన్నుల యంత్రాన్ని ఆపడానికి ఉద్దేశించిన బ్రేకుల మీద ఏడెనిమిది టన్నుల భారం పడుతుంది. ట్రాక్టరును ఎంత శ్రద్ధగా చూసుకున్నా, దాని వెనుక వచ్చే ట్రాలీకి వెలుగు, బ్రేకు లేకపోతే ఆ శ్రద్ధ రోడ్డు మీద అక్కరకు రాదు.

రాత్రివేళ గంటకు 60 కి.మీ. వేగంతో వచ్చే లారీ ముందు, అదే దిశలో 15 కి.మీ. వేగంతో దీపాలు లేని ట్రాలీ వెళ్తోందనుకుందాం. అది లారీ డ్రైవరుకు 50 మీటర్ల దూరంలోనే కనిపించిందనుకుంటే, రెండింటి మధ్య వేగంలో తేడా సెకనుకు 12.5 మీటర్లు కాబట్టి ఢీకొనడానికి మిగిలే వ్యవధి 4 సెకన్లు. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేసేసరికే అందులో ఒకటిన్నర సెకను గడిచిపోవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 వాహనాలకు దీపాలను, రిఫ్లెక్టర్లను నిర్దేశించడానికి కారణం ఇటువంటి పరిస్థితే. చాలా ట్రాలీలకు కొన్నప్పుడు దీపాలు ఉంటాయి. కొన్నాళ్లకు అవి వెలగకుండా పోవడానికి బల్బుల కంటే వైరింగులోని లోపాలే ఎక్కువగా కారణమవుతాయి.

ఎర్తు వైరు ప్రాధాన్యం

విద్యుత్తు బ్యాటరీ నుంచి బల్బుకు వెళ్తే సరిపోదు. తిరిగి బ్యాటరీకి చేరాలి. ట్రాక్టరు మీద ఈ తిరుగుదారిగా ఇంజను, ఛాసిస్ పనిచేస్తాయి. ట్రాలీ విషయంలో కొందరు మెకానిక్కులు ఇదే పద్ధతిని అనుసరించి, బల్బులకు వెళ్లే వైర్లను మాత్రమే లాగి, తిరుగుదారిని హుక్కుకు, పిన్నుకు వదిలేస్తారు. హుక్కు, పిన్ను బరువు లాగడానికి చేసినవి. వాటి మధ్య గ్రీజు, తుప్పు, మట్టి, పెయింటు చేరుతాయి. రోడ్డు కుదుపులకు పిన్ను కదిలిన ప్రతిసారీ స్పర్శ తెగి మళ్లీ కలుస్తుంది. కొత్తలో వెలిగిన దీపాలు వానాకాలం గడిచేసరికి మిణుకుమిణుకుమనడానికి ఇదే ముఖ్య కారణం.

ఎర్తు చెడిందని తెలుసుకోవడానికి ఒక స్పష్టమైన లక్షణం ఉంది. బ్రేకు నొక్కినప్పుడు ఇండికేటరు కూడా మసకగా వెలిగినా, ఇండికేటరు వేసినప్పుడు వెనుక దీపాలు దానితోపాటు కొట్టుకున్నా, తిరుగుదారి తెగిందని భావించవచ్చు. సరైన దారి లేనప్పుడు కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా మరో దారి వెతుక్కుంటుంది. ఇటువంటి సందర్భంలో బల్బులు మార్చడం వల్ల ప్రయోజనం ఉండదు. ట్రాలీలోని అన్ని దీపాల ఎర్తులను ఒకచోట కలిపి, అక్కడి నుంచి సాకెట్ ద్వారా ట్రాక్టరు బ్యాటరీ నెగెటివ్ వరకు ప్రత్యేకంగా ఒక వైరు వేయాలి.

వైరు మందం: ఒక చిన్న లెక్క

రెండు బ్రేకు దీపాలకు 21 వాట్ల చొప్పున 42 వాట్లు అవసరం. 12 వోల్టుల వద్ద ఇది 3.5 ఆంపియర్లు. ట్రాక్టరు నుంచి ట్రాలీ వెనుక చివరికి 7 మీటర్ల దూరం ఉంటే, రానుపోను కరెంటు ప్రయాణించే దూరం 14 మీటర్లు. ఇళ్లలో గంటకు, చిన్న బల్బుకు వాడే 0.5 చ.మి.మీ. రాగి వైరు రెండువైపులా వేస్తే దాని నిరోధం సుమారు 0.49 ఓములు అవుతుంది. అంటే దారిలోనే 1.7 వోల్టులు నష్టమై బల్బుకు 10.3 వోల్టులే అందుతాయి. ఫిలమెంటు బల్బు కాంతి వోల్టేజీ కంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ 14 శాతం తగ్గితే వెలుగు 40 శాతం వరకు తగ్గుతుంది. దీపం వెలుగుతోందని రైతు అనుకుంటాడు. దుమ్ములో వెనుక వచ్చే డ్రైవరుకు అది ఆనదు.

దీపాలకు 1.5 చ.మి.మీ., ఎర్తుకు 2.5 చ.మి.మీ. రాగి వైరు వాడితే ఇదే బల్బుల దగ్గర నష్టం అర వోల్టుకు మించదు. ఎర్తు వైరు మిగిలినవాటి కంటే లావుగా ఉండాలని చెప్పడానికి కారణం ఉంది. ప్రతి దీపానికి వెళ్లే వైరు ఆ దీపపు కరెంటునే మోస్తుంది. ఎర్తు వైరు అన్నింటి కరెంటునూ కలిపి మోస్తుంది. వెనుక దీపాలు, నంబరు ప్లేటు దీపం, బ్రేకు దీపాలు, నాలుగు దిక్కుల ప్రమాద సూచన కోసం ట్రాలీ రెండు ఇండికేటర్లు ఒకేసారి వెలిగితే ట్రాలీ మొత్తం అవసరం సుమారు 99 వాట్లు, అంటే 8 ఆంపియర్లకు పైగా. ఎల్‌ఈడీ దీపాలు అమర్చితే ఈ భారం గణనీయంగా తగ్గుతుంది. అయితే పాత రకం ఫ్లాషరు బల్బుల కరెంటును బట్టి కొట్టుకుంటుంది కనుక, ఎల్‌ఈడీ ఇండికేటర్లు పెట్టినప్పుడు వాటికి తగిన ఫ్లాషరును కూడా మార్చాలి.

పాజిటివ్ వైరు ఎక్కడ మొదలవుతుందో అక్కడే, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండాలి. ట్రాలీ వైరు ఎక్కడైనా ఒరిసి ఛాసిస్‌కు తగిలితే ఆ ఫ్యూజే మంటను నివారిస్తుంది. వరిగడ్డి, పత్తి తీసుకెళ్లే ట్రాలీకి ఇది మరింత ముఖ్యం. ఫ్యూజు పోయిన చోట రాగి తీగ చుట్టడం పంటను, వాహనాన్ని అగ్నికి అప్పగించడమే.

ఏడు పిన్నుల సాకెట్: ఊరంతటికీ ఒకే వరుస

ట్రాలీలు చేతులు మారుతుంటాయి. ఒకరి ట్రాక్టరుకు మరొకరి ట్రాలీ తగిలించడం, కోత రోజుల్లో ట్రాలీని అద్దెకు తెచ్చుకోవడం మామూలే. ఒక్కో మెకానిక్కు ఒక్కో వరుసలో వైర్లు కలిపితే, ఎడమకు ఇండికేటరు వేసినప్పుడు ట్రాలీ కుడి దీపం కొట్టుకోవచ్చు. దీపం లేకపోవడం కంటే ఇది ఎక్కువ ప్రమాదకరం. 12 వోల్టుల వాహనాలకు ఉపయోగించే ఏడు పిన్నుల సాకెట్‌కు ఐఎస్ఓ 1724 ప్రమాణం ఉంది. దాని ప్రకారం వాడుకలో ఉన్న వరుస, రంగులు ఇవి:

1వ పిన్ను: ఎడమ ఇండికేటరు, పసుపు
2వ పిన్ను: వెనుక పొగమంచు దీపం, నీలం
3వ పిన్ను: ఎర్తు, తెలుపు
4వ పిన్ను: కుడి ఇండికేటరు, ఆకుపచ్చ
5వ పిన్ను: కుడి వెనుక దీపం, గోధుమ రంగు
6వ పిన్ను: బ్రేకు దీపాలు, ఎరుపు
7వ పిన్ను: ఎడమ వెనుక దీపం, నంబరు ప్లేటు దీపం, నలుపు

పాత ట్రాలీలలో రంగులను నమ్మడానికి వీలులేదు. టెస్ట్ ల్యాంపుతో ప్రతి పిన్నును పరీక్షించి కలపాలి. సాకెట్ మూత బిగుతుగా ఉండాలి. వైరును గొట్టంలో పోనిచ్చి ఛాసిస్‌కు కట్టాలి. హుక్కు దగ్గర మలుపు తిరిగేటప్పుడు లాగుకుపోకుండా, నేలకు వేలాడకుండా తగినంత వదులు ఉంచాలి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకుల్లోకి తేమ చేరుతుంది కాబట్టి, అతుకులు మూత ఉన్న పెట్టెలో ఉండడం మేలు. గడ్డి, పత్తి, చెరకు వెనుకకు పొడుచుకువచ్చి దీపాలను కప్పేసే సందర్భాలలో, దీపాలన్నీ బిగించిన ఒక పలకను పొడవైన వైరుతో సిద్ధం చేసుకుని, లోడు చివర కట్టుకోవచ్చు. దీపాలతోపాటు రైతులు రేడియం స్టిక్కర్లని పిలిచే రిఫ్లెక్టర్ పట్టీలు కూడా అంటించాలి. బ్యాటరీ పనిచేయకపోయినా అవి పనిచేస్తాయి.

బ్రేకు ఎవరి బరువును ఆపుతోంది?

2 టన్నుల ట్రాక్టరు, లోడుతో కలిపి 6 టన్నుల నాలుగు చక్రాల ట్రాలీ గంటకు 30 కి.మీ. వేగంతో పోతున్నాయనుకుందాం. ట్రాక్టరు బ్రేకులు వెనుక చక్రాల మీదే పనిచేస్తాయి. ఆ చక్రాల మీద 1.3 టన్నుల బరువు, పొడి తారురోడ్డు మీద 0.6 ఘర్షణ గుణకం తీసుకుంటే, 8 టన్నుల మొత్తానికి లభించే వేగ నిరోధం సెకను వర్గానికి ఒక మీటరుకు లోపే. బండి ఆగడానికి సుమారు 36 మీటర్లు పడుతుంది. ట్రాలీ చక్రాలకు కూడా బ్రేకులు ఉండి, అవి ట్రాలీ బరువులో 35 శాతానికి సమానమైన నిరోధాన్ని ఇస్తే, అదే బండి 10 మీటర్లలో ఆగుతుంది. బ్రేకు మీద కాలు వేయడానికి పట్టే సమయంలో సాగే దూరం ఈ రెండు అంకెలకూ అదనం.

దూరంతోపాటు దిశ కూడా సమస్యే. బ్రేకు లేని ట్రాలీ ట్రాక్టరును వెనుక నుంచి నెడుతుంది. మలుపులో, కాలువ గట్టు దిగుడులో ఆ నెట్టుడుకు ట్రాక్టరు పక్కకు తిరిగి బోల్తా పడవచ్చు. దుక్కిలో మలుపు కోసం ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను విడివిడిగా వాడతారు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ గొళ్లెంతో కలపడం మరిస్తే, ఒక చక్రమే ఆగి ట్రాక్టరు గిర్రున తిరుగుతుంది. రూపాయి ఖర్చు లేని ఈ జాగ్రత్తను ప్రతి శిక్షణలోనూ చేయించి చూపాలి.

పికప్ ట్రక్కుల అనుభవం

ఉత్తర అమెరికాలో పశువులను, గడ్డిమోపులను, యంత్రాలను పికప్ ట్రక్కుల వెనుక ట్రెయిలర్లలో తరలిస్తారు. అక్కడ విద్యుత్ బ్రేకులు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. ట్రెయిలర్ చక్రపు డ్రమ్ములో ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. డ్రైవరు బ్రేకు నొక్కగానే క్యాబిన్‌లోని కంట్రోలరు దానికి కరెంటు పంపుతుంది. తిరిగే డ్రమ్ముకు అతుక్కున్న అయస్కాంతం ఒక మీటను లాగి బ్రేకు షూలను నొక్కుతుంది. ఒక్కో అయస్కాంతానికి సుమారు 3 ఆంపియర్లు, నాలుగు చక్రాలకు 12 ఆంపియర్లు కావాలి. అందుకే బ్రేకు వైరు, ఎర్తు వైరు రెండూ దీపాల వైర్ల కంటే లావుగా ఉంటాయి. వైరు సన్నబడితే ఇక్కడ తగ్గేది వెలుగు కాదు, బ్రేకు పట్టు.

ఈ ఏర్పాటులో మరో ముఖ్య భాగం ట్రెయిలర్ మీద ఉండే చిన్న బ్యాటరీ. ట్రక్కు నుంచి వచ్చే ప్రత్యేక వైరు దానిని ఛార్జి చేస్తుంది. నడుస్తుండగా ట్రెయిలర్ విడిపోతే, ట్రక్కుకు కట్టిన సన్నని తాడు ఒక స్విచ్చు పిన్నును లాగుతుంది; వెంటనే ఆ బ్యాటరీ ట్రెయిలర్ బ్రేకులను పట్టిస్తుంది. వాణిజ్య రవాణాకు వర్తించే అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం ఆ బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలి.

ఈ పరికరాలను యథాతథంగా మన ట్రాలీలకు తగిలించమని చెప్పడం సరికాదు. అక్కడి ఏడు పిన్నుల ప్లగ్గు వేరు; అందులో నీలం వైరు బ్రేకుకు, నలుపు వైరు బ్యాటరీ ఛార్జింగుకు వాడతారు. ఐఎస్ఓ వరుసలో అవే రంగులు దీపాలవి. దమ్ము చేసిన పొలం బురద డ్రమ్ములోకి చేరితే విద్యుత్ బ్రేకు పట్టు తప్పుతుంది. పైగా అవి చక్రం తిరుగుతున్నప్పుడే పనిచేస్తాయి కనుక నిలిపి ఉంచిన ట్రాలీకి చేతి బ్రేకు, చక్రాల కింద దిమ్మలు తప్పవు. మన పరిస్థితులకు ట్రాలీ నెట్టుడుతోనే పట్టుకునే ఓవర్‌రన్ బ్రేకు, ట్రాక్టరు హైడ్రాలిక్‌తో పనిచేసే ట్రాలీ బ్రేకు దగ్గరగా ఉంటాయి. పికప్ అనుభవం నుంచి గ్రహించవలసింది సూత్రం: వెనుక బండి తన బరువును తానే ఆపుకోవాలి, విడిపోయినా ఆగాలి. రెండో అవసరానికి మన ట్రాలీలలో కనీస ఏర్పాటు, హుక్కుకు తోడుగా గట్టి రక్షణ గొలుసు.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగిన పని

కోతలకు పక్షం రోజుల ముందు ఆంధ్రప్రదేశ్‌లోని రైతు సేవా కేంద్రాల వద్ద, తెలంగాణలోని రైతు వేదికల వద్ద ట్రాలీ తనిఖీ శిబిరాలు నిర్వహించవచ్చు. ఒక మల్టీమీటరు, ఒక టెస్ట్ ల్యాంపు చాలు. దీపాలన్నీ వెలిగించి, ట్రాలీ దీపపు ఎర్తుకు, ట్రాక్టరు బ్యాటరీ నెగెటివ్‌కు మధ్య వోల్టేజీ కొలవాలి. అర వోల్టు దాటితే ఎర్తు దారిలో లోపం ఉన్నట్లే. ఆ అంకెను రైతుకు చూపి, తరువాత తాత్కాలికంగా ఒక లావుపాటి వైరుతో ఆ రెండు చోట్లనూ కలిపితే దీపం ఎలా ప్రకాశిస్తుందో అతడే చూస్తాడు. వేరే ఉపన్యాసం అవసరం ఉండదు.

గ్రామంలోని ఆటో ఎలక్ట్రీషియన్లను, ట్రాలీలు తయారుచేసే వెల్డింగు షాపులవారిని కూడా ఈ శిబిరాలకు పిలవాలి. రైతుకు ఎంత చెప్పినా వైరు వేసేది వారే. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల శిక్షణకు కస్టమ్ హైరింగ్ కేంద్రాల డ్రైవర్లను పంపవచ్చు. బాపట్ల, మడకశిర, కంది వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు తమ గ్రామాలలోని ట్రాలీల ఎర్తు వోల్టేజీని, బండి ఆగే దూరాన్ని కొలిచి నమోదు చేస్తే, స్థానిక ట్రాలీలకు తగిన సిఫారసులు రూపొందించడానికి అవసరమైన సమాచారం సమకూరుతుంది.

ఒక ట్రాలీకి సాకెట్, ప్లగ్గు, తగిన మందం గల వైర్లు, ఫ్యూజు, దీపాలు అమర్చడానికి ఒక పూట పని చాలు. పంట పండించడానికి ఆరు నెలలు కష్టపడిన రైతు, దానిని అమ్మడానికి వెళ్లే దారిలో ప్రాణాన్ని పణంగా పెట్టవలసిన అవసరం లేదు. ఈ పని కోత మొదలుకాక ముందే పూర్తికావాలి.