నీలితెర నిదానము

విడిభాగములను వేర్వేరుగ కొని యింటిలోనే కూర్చుకొనిన ఆటల కంప్యూటరు నేడు మన కరీంనగరము, ఆదిలాబాదు సీమల యువకులకు ప్రీతిపాత్రమైన వస్తువు. తండ్రి జీతములో మిగిల్చినదియో, అన్నదమ్ములు కూడబెట్టినదియో అగు సొమ్ము దానికి వ్యయమగును. అట్టి యంత్రము ఆట నడుమ హఠాత్తుగ నిలిచి, నీలితెరను చూపి, తనంత తాను మరల మొదలగును. ఒకసారి యైనచో మరచిపోవచ్చును. వారమునకు మూడుమార్లు జరిగినచో ఇంట కలహము పుట్టును. ప్రాసెసరు అమ్మినవాడు మదర్‌బోర్డును, మదర్‌బోర్డు అమ్మినవాడు ర్యామును నిందించును. తయారుగ కొనితెచ్చిన కంప్యూటరునకు ఒక్క కంపెనీ పూచీపడును. ఇంట కూర్చినదానికి ఏ భాగమునకు ఆ భాగమే వారంటీ. కావున దోషమెచ్చట నున్నదో నిర్ణయించు భారము యజమానునిదే. ఆ నిర్ణయమెట్లు చేయవలెనో నేడు విచారింతము.

మొదట నీలితెర యన నేమి? విండోస్ యొక్క మూలభాగము, తాను నమ్మదగని స్థితి యేర్పడినదని గ్రహించినపుడు, ఇంకను పని సాగించినచో దాచిన సమాచారము చెడునను శంకచే తన్ను తానే నిలుపుకొనును. అది రోగము కాదు. రోగమును తెలుపు లక్షణము. 2025 లో విండోస్ 11 నందు ఈ తెరకు నీలవర్ణము పోయి నల్లరంగు వచ్చినది గాని, అర్థము మారలేదు. తెరపై దోషము పేరు కనిపించును. దానిని వెంటనే వ్రాసికొనవలెను. లేదా ఫోనుతో ఫొటో తీయవలెను. ‘మెమొరీ మేనేజ్‌మెంట్’ అనునది తరచు ర్యామును, ‘వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్’ అనునది గ్రాఫిక్స్ కార్డునో దాని డ్రైవరునో, డబ్ల్యూహెచ్‌ఈఏ అను అక్షరములతో మొదలగునది యంత్రభాగములలో దేనినో సూచించును. తెర మాయమైనను, విండోస్ ఫోల్డరులోని మినీడంప్ అను ఫోల్డరున ఆ వివరము సాధారణముగ మిగిలియుండును.

అయినను పేరు చూచి తీర్పు చెప్పరాదు. పొగను చూచి నిప్పు కలదని ఊహించుట తర్కమున ప్రసిద్ధము. కాని దూరమున రేగిన ధూళిని పొగయని భ్రమించినవాడు నిప్పును వెదకి యలసిపోవును. ఇందుకు నిదర్శనము కలదు. ఇంటెల్ వారి 13, 14వ తరముల ప్రాసెసర్లు కొన్నింటిలో ఆట ఆడునపుడు ‘వీడియో మెమొరీ చాలదు’ అను సందేశము వచ్చెడిది. చూచినవారు గ్రాఫిక్స్ కార్డును శంకించిరి. దోషము ప్రాసెసరునది. మితిమీరిన వోల్టేజీ వలన అది క్రమముగ చెడుచున్నదని 2024 లో ఇంటెల్ వారు తెలిపి, బయోసు ద్వారా దిద్దుబాటు నొసగి, వారంటీని రెండేండ్లు పొడిగించిరి. ఆ దిద్దుబాటు మున్ముందు చెడకుండ కాపాడును గాని, చెడినదానిని బాగుచేయజాలదు.

దీనికి మారుగ అదే యేడు జూలై 19న జరిగినదానిని చూడుడు. క్రౌడ్‌స్ట్రయిక్ అను సంస్థ పంపిన లోపముగల నవీకరణము వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెరతో నిలిచినవని మైక్రోసాఫ్ట్ వారు లెక్కించిరి. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. అచట యంత్రభాగములు నిర్దోషములు.

మరి నిర్ణయమునకు దారి యేది? మన నైయాయికులు చూపిన అన్వయ వ్యతిరేకములే. ఒకటి యున్నపుడు రెండవది యుండుట అన్వయము. అది లేనపుడు ఇదియు లేకుండుట వ్యతిరేకము. మంచిర్యాలలో నొక విద్యార్థి ఒకేనాడు విండోసును మరల ఎక్కించి, డ్రైవరు మార్చి, క్రొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించెననుకొందము. నాలుగు దినములు నీలితెర రాలేదు. దేనివలన రాలేదు? చెప్పజాలడు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినంత మాత్రమున, కాకియే పండును రాల్చినదని చెప్పగలమా? అయిదవనాడు నీలితెర మరల వచ్చినచో సొమ్మును పోయినది, తెలివియు కలుగలేదు. కావున ఒక్కమారు ఒక్కదానినే మార్చి, దోషము సాధారణముగ వచ్చు వ్యవధికి మించి వేచి చూడవలెను.

ఖర్చులేని పరీక్షలు ముందు, ఖర్చుగలవి తరువాత. ర్యాముపై ముద్రించిన వేగము చాలమార్లు ఎక్స్‌ఎంపీ అను అమరికచే మాత్రమే లభించును. బయోసులో దానిని ఆపి చూడుడు. నీలితెర మానినచో మరల పెట్టి చూడుడు. తిరిగి వచ్చినచో అన్వయ వ్యతిరేకములు రెండును కుదిరినవి. మానకున్న, మెమ్‌టెస్ట్86 అను పరీక్షను రాత్రియంతయు నడుపుడు. ఒక్క తప్పు కనబడినను ఉపేక్షింపరాదు. రెండు ర్యాములున్నచో ఒక్కొక్కదానినే ఉంచి పరీక్షింపుడు. తప్పు ర్యాము వెంట పోయినచో ర్యాము చెడినది. ఏ ర్యాము పెట్టినను ఒకే స్లాటులో వచ్చినచో మదర్‌బోర్డును శంకింపవలెను. పిదప గ్రాఫిక్స్ డ్రైవరును పూర్తిగ తొలగించి మరల ఎక్కించుడు. ఏ భాగమును తాకవలసినను ముందు స్విచ్చి ఆపి ప్లగ్గు తీయుడు. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. కరెంటు తీసిన పిదపను అందు ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండగలదు.

మన సీమలో ప్రత్యేకముగ విచారింపవలసినవి మూడు: ఎండ, దుమ్ము, కరెంటు. వేసవిలో రామగుండమున ఎండ 45 డిగ్రీలను దాటు దినములు కలవు. గది వేడి పది డిగ్రీలు హెచ్చిన, యంత్రములోని వేడియు రమారమి అంతయే హెచ్చును. గోదావరిఖని బొగ్గుధూళి, ఆదిలాబాదు జిన్నింగు మిల్లుల పత్తి, సిరిసిల్ల మగ్గముల నూలుపీచు కూలరునకు పట్టినచో గాలి యాడదు. అయితే ఒక భేదమును గుర్తింపుడు. వేడెక్కిన ప్రాసెసరు మొదట తన వేగమును తగ్గించుకొనును; హద్దు మీరినచో యంత్రము నీలితెర చూపకయే ఆరిపోవును. కరెంటు పడిపోయినను, ఎస్‌ఎంపీఎస్ శక్తి చాలకున్నను తరచు అట్లే యగును. ఆట నడచునపుడు ప్రాసెసరు వేడి 100 డిగ్రీల దాపునకు పోవుచున్నచో, క్రొత్త భాగము కొనుటకు ముందు దుమ్ము దులిపి, థర్మల్ పేస్టు మార్చి చూడుడు. యూపీఎస్ పై నడపినప్పుడు దోషము మానినచో ఇంటి వైరింగును, ఎర్తింగును పరీక్షింపించుడు.

వీని కన్నిటికిని కావలసిన సాధనము ఒక నోటుపుస్తకము. తేది, వేళ, తెరపై వచ్చిన పేరు, అప్పుడు నడచుచున్న ఆట, ఆనాడు చేసిన మార్పు ఇందు వ్రాయుడు. బిల్లులను దానిలోనే దాచుడు. “నా కంప్యూటరు చెడినది” అని దుకాణమునకు పోయినవానిని మరియొక దుకాణమునకు పంపగలరు. “ఈ ర్యాము ఏ స్లాటులో పెట్టినను ఇన్ని తప్పులు వచ్చినవి, ఇదిగో ఫొటో” అని చూపినవానిని అట్లు పంపుట కష్టము.