యాభయ్యో వీధిలో ఫ్రెంచి పూటకూళ్ళ ఇల్లు

న్యూయార్కు నగరంలో తూర్పు యాభయ్యో వీధి 249 నంబరు ఇంటిని పూటకూళ్ళ ఇల్లు అంటే ఆ ఊరువారు నవ్వుతారు. అమెరికాలోకెల్లా గొప్ప ఫ్రెంచి హోటలని పాతికేళ్ళపాటు పేరు మోసిన చోటది. అయినా నేనా మాట ఊరికే అనడంలేదు. వంటవాడే యజమాని. భార్య కింద ఉండి డబ్బూ, వచ్చేపోయేవారి మంచిచెడ్డలూ చూసేది. ఇద్దరూ ఆ మేడమీదనే కాపురముండేవారు. రాజమండ్రిలో మా నాన్నగారు నడిపిన భోజనహోటలు అచ్చంగా ఇంతే. కాకపోతే మా నాన్నగారు అతిథులు తిన్నాక విస్తళ్ళు లెక్కపెట్టేవారు. అక్కడ సీసాలు లెక్కపెట్టేవారు.

హోటలు పేరు ల్యుతెస్. ప్యారిస్ నగరానికి పూర్వకాలపు పేరది. 1961లో ఆంద్రే సుర్మేన్ అనే ఆయన దానిని తెరుస్తూ, ప్యారిస్‌నుంచి ఆంద్రే సోల్ట్‌నెర్ అనే 28 ఏళ్ళ వంటవాణ్ణి పిలిపించాడు. ఆల్సేస్ సీమలో థాన్ అనే ఊరు అతనిది. కొయ్య సామాను చేసే వడ్రంగి కొడుకు. పదిహేనో ఏట వంటింట్లో పనికి చేరినవాడు. అప్పటికి న్యూయార్కులో ఫ్రెంచి భోజనమంటే 1939 ప్రపంచ ప్రదర్శనకు ఫ్రెంచివారితోబాటు వచ్చి, ఇక్కడే నిలిచిపోయిన ఆన్రీ సూలే పెట్టిన ‘ల పవియోఁ’, దానిలో తర్ఫీదయినవారు పెట్టిన మరికొన్ని హోటళ్ళూను. అక్కడ ప్రాముఖ్యమంతా ఎవరిని ఏ బల్లదగ్గర కూర్చోబెట్టాలి అన్నదానికి. ల్యుతెస్‌లో వంటవాడికి. 1970ల మొదట్లో సుర్మేన్ తప్పుకున్నాడు, హోటలు సోల్ట్‌నెర్ చేతికి వచ్చింది. ఆ తర్వాత ఆయన వంటింట్లో లేని రాత్రులను చేతివేళ్ళమీద లెక్కించవచ్చునని చెప్పుకునేవారు.

నేను అక్కడ భోంచేసింది ఒక్కసారే, 1983లో. నేను లెక్కలు చూసే కంపెనీ పెద్దాయన తీసుకువెళ్ళాడు. నా జీతంలో అయ్యే పని కాదు. గుమ్మం దాటగానే తగరపు పలక పరచిన చిన్న బారు, ఒకపక్క ఇరుకు వంటిల్లు, వెనక పందిరి వేసిన తోటవంటి గది. శాకాహారికి ఫ్రెంచి హోటల్లో ఏముంటుందని దిగులుపడుతుంటే పెద్దాయన ఉల్లిపాయల టార్టు తెప్పించాడు. ఆల్సేస్‌లో ఇంటింటా చేసుకునేదే. మన దిబ్బరొట్టెకు వేలువిడిచిన చుట్టం. అందులో పందిమాంసపు ముక్కలు వేయడం ఆచారమట. ఆ సంగతి పెద్దాయన వడ్డించేవాని చెవిలో వేస్తే, కాసేపటికి ముక్కల్లేనిది వచ్చింది. పిండిలో ఏ కొవ్వు కలిపారో నేనడగలేదు. ఇంటికి వచ్చాక ఆ ప్రసక్తి తేనూలేదు. ఉల్లిపాయ అంత తియ్యగా ఉంటుందని నాకదివరకు తెలియదు.

భోజనం చివర తెల్లకోటు, పొడుగు టోపీతో సోల్ట్‌నెర్ బయటికి వచ్చి బల్లబల్లకూ వెళ్ళి పలకరించాడు. రోజూ చేసేదేనట. మా దగ్గరకు వచ్చినప్పుడు ఆయన నా ముఖంకంటె ముందు నా పళ్ళెం చూశాడు. మా నాన్నగారూ అంతే. మనిషి మాట నమ్మరు, విస్తరి నమ్ముతారు.

మర్నాడు ఆ బిల్లు నా బల్లమీదికి వచ్చింది. ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. అభిమానులు ప్రాణంపెట్టే హోటలన్నప్పుడు ఆ ప్రాణానికి ఖరీదు ఎవరిస్తున్నారో ఎవరూ అడగరు. సోల్ట్‌నెర్ బల్లలదగ్గర తమ చేతి డబ్బుతో తిన్నవారెందరో నాకు తెలియదు గాని, మా కంపెనీ మనుషులు మాత్రం ఎన్నడూ తినలేదు. వ్యాపారం మాట్లాడుతూ చేసిన భోజనాన్ని ఆదాయపుపన్ను లెక్కల్లో పూర్తిగా ఖర్చుకింద రాసుకునే వీలు అప్పట్లో ఉండేది. అంటే బిల్లులో కొంత సర్కారు చెల్లించినట్టే. 1986లో చట్టం మార్చి ఆ సదుపాయాన్ని నూటికి 80కి తగ్గించారు. 1993లో మళ్ళీ మార్చి, 1994నుంచి 50 చేశారు. ఆ కాగితం పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళినవాణ్ణి నేనే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “అయితే నెలకొకసారి వెళదాంలే” అన్నాడు. ఏడాది తిరిగేసరికి అదీ పోయింది. కస్టమర్లకు దగ్గరలోనే మరో చోట సాండ్విచ్చీలు తెప్పించేవాళ్ళం. ఊళ్ళో లెక్కలు రాసేవాళ్ళందరూ ఆ ఏడు అదే కాగితం పట్టుకుని తమతమ పెద్దల గదుల్లోకి వెళ్ళే ఉంటారు.

అదే 1994లో సోల్ట్‌నెర్ హోటలు అమ్మేశాడు. అరవయ్యో ఏడు దాటింది. ముప్పయిమూడేళ్ళు ఆ పొయ్యిదగ్గర నిలబడ్డ కాళ్ళు. కొన్నది అనేక హోటళ్ళు నడిపే ఒక కంపెనీ. కొత్తగా వచ్చిన ఎబర్‌హార్ట్ మ్యూలర్ చేయి తిరిగిన వంటవాడే, అందులో సందేహం లేదు. కాని ఆ వేళకు జనానికి వెన్నా మీగడా అంటే భయం పట్టుకుంది. పట్టుపంచె కట్టుకుని భోజనానికి కూర్చున్నట్టు కోటూ టై బిగించుకుని రెండు గంటలు కూర్చునే ఓపికా తగ్గింది. వంటకాల పట్టిక మార్చితే పాతవారు అలుగుతారు, మార్చకపోతే కొత్తవారు రారు. 1999లో కంపెనీవారు అదే పేరుతో లాస్ వేగాస్ జూదశాలల మధ్య మరొక ల్యుతెస్ పెట్టారు. పేరు ప్రయాణం చేయగలదు. మేడమీది కాపురం ఎలా ప్రయాణం చేస్తుంది? తర్వాత 2001 సెప్టెంబరు దాడులు వచ్చి, న్యూయార్కులో ఖరీదైన హోటళ్ళన్నిటినీ దెబ్బతీశాయి.

2004 ఫిబ్రవరి 14న ల్యుతెస్ మూసేశారు. ప్రేమికుల పండగ, హోటళ్ళలో చోటు దొరకని రాత్రి. మార్చిలో ల కోత్ బాస్క్, మేలో ల కారవెల్ కూడా తలుపులు వేశాయి. ఒక్క వసంతంలో మూడు పాత ఫ్రెంచి హోటళ్ళు పోయాయి.

అప్పటికి ఉద్యోగం మాని, భార్య పోయి ఒంటరిగా ఉంటున్న మా పెద్దాయన ఆ నెలాఖరున ఫోను చేశాడు. “వస్తావా, ఒకసారి అటు నడిచివద్దాం” అన్నాడు. వెళ్ళాం. చలి గట్టిగా ఉంది. తలుపు వేసి ఉంది, కిటికీలోంచి లోపలికి చూస్తే చీకటి. సోల్ట్‌నెర్ అప్పుడు ఒక వంటల పాఠశాలలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. 2025 జనవరిలో 92వ ఏట కన్నుమూశాడు.

“నువ్వా కాగితం తేకపోతే ఇంకో పదేళ్ళు తినేవాణ్ణి” అన్నాడు పెద్దాయన. నవ్వుతూనే అన్నాడు. నేను తేకపోయినా ఇంకొకరు తెచ్చేవారని చెప్పబోయి ఊరుకున్నాను. మా నాన్నగారి హోటలు అమ్మిననాడు మా అమ్మ అడిగిన ప్రశ్నే ఆయనా అడిగాడు, తలెత్తి పై అంతస్తు కిటికీలకేసి చూస్తూ:

“ఇప్పుడా మేడమీద ఎవరుంటున్నారో?”