నిరుద్యోగికి భీమాసుంకమా?

పంట పోయిన యేట రైతునకు శిస్తు రెమిషను నొసగుట ప్రభుత్వధర్మమని మనము వాదించుచు వచ్చితిమి. జీతము పోయిన యేట, వైద్యభీమా లేదను కారణమున ఉద్యోగిపై సుంకము విధించుట యే ధర్మము? అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2014 మొదలు 2018 వఱకు ఇట్టి సుంకము అమలులో నుండెను.

ఆ దేశమున భీమా యుద్యోగమును అంటిపెట్టుకొని యున్నది. 1942లో యుద్ధకారణమున ప్రభుత్వము జీతముల పెంపును నిరోధింపగా, యజమానులు భీమా నొసగి పనివారిని ఆకర్షించిరి. ఆ సొమ్ముపై పన్ను లేనందున ఆచారము స్థిరపడినది. ఉద్యోగము పోయినచో, కోబ్రా యను పేర ప్రసిద్ధమైన 1986 నాటి చట్టము ననుసరించి, పాతభీమాను సాధారణముగా 18 మాసములు నిలుపుకొనవచ్చును; గాని యజమాని భాగముతో గూడ మొత్తము ప్రీమియమును, దానిపై నూటికి 2 వంతుల వఱకు ఖర్చులను తానే చెల్లింపవలెను. రాబడి నిలిచిన నాడే వ్యయము పెరుగును!

2010 నాటి సంస్కరణచట్టము ననుసరించి 2016లో సుంకము వయోజనునకు 695 డాలర్లు, లేక పరిమితికి మించిన కుటుంబాదాయములో నూటికి 2.5 వంతులు, రెండింటిలో నెక్కువైనది. మూడు నెలలకు లోబడిన విరామమునకును, భరింపరాని ప్రీమియమునకును మినహాయింపు లుండెను. ఐనను లెక్క యేడాది మొత్తమునకు గనుక, ముందు ఆర్జించి వ్యయపఱచిన జీతమును, నిరుద్యోగభృతియు గూడ ఆదాయముగనే గణింపబడెను.

ఆరోగ్యవంతులును చేరనిదే భీమానిధి నిలువదను వాదమును మేము కాదనము. 2012లో సుప్రీముకోర్టు దీనిని పన్నుగా సమర్థించినది. 2017 చట్టమువలన 2019 నుండి కేంద్రసుంకము సున్న యయ్యెను. కాలిఫోర్నియా, న్యూజెర్సీ మున్నగు కొన్ని రాష్ట్రములు మాత్రము స్వంతసుంకములను విధించినవి. సుంకము తొలగినంతమాత్రమున మూలదోషము తొలగలేదు. భీమా నేటికిని ఉద్యోగమునకే కట్టబడియున్నది.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. హెచ్-1బి వీసాపై అచ్చటి కేగిన తెలుగు యువకులు అనేకులు. పని పోయినచో వారికి మఱొక యజమానిని వెదకుకొనుటకు గడువు గరిష్ఠముగా 60 దినములు. ఆ దినములలోనే బిడ్డకు జబ్బు చేసిన గతి యేమి? పొలము తాకట్టుపెట్టి పిల్లలను పంపిన తలిదండ్రులు జీతమును మాత్రమే గాక ఈ లెక్కను గూడ విచారింపవలెను.

వ్యాధి ఉద్యోగమును జూచి రాదు. వైద్యరక్షణము సైతము ఉద్యోగమును జూచి పోరాదని మా నిశ్చితాభిప్రాయము.