ముందు పోర్టు ఏదో తేల్చాలి, పరీక్ష ఆ తర్వాతే

ఆసుపత్రిలో ఒకే మంచం పక్కన వెంటిలేటరు, సిరంజి పంపు, ఈసీజీ మానిటరు కలిసి పనిచేస్తాయి. వీటిలో ఒకటి వెదజల్లే రేడియో తరంగాలు పక్కదాని పనిని చెడగొడితే ప్రాణాల మీదికొస్తుంది. విద్యుదయస్కాంత ఉద్గారాల పరీక్ష పెట్టింది అందుకే. విశాఖలో పెదగంట్యాడ దగ్గరి మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల తయారీతో పాటు ఈ పరీక్షలకూ వసతి ఉంది. గంభీరంలోని ‘సమీర్’ కేంద్రం పరిశోధించేదీ విద్యుదయస్కాంత ప్రభావాలనే.

పరీక్షలో మొదటి పని పోర్టుల వర్గీకరణ. పరికరంలోంచి విద్యుత్తు గానీ తరంగం గానీ బయటికి దాటగల ప్రతిచోటూ ఒక పోర్టే. పెట్టె ఉపరితలమంతా కలిపి ‘ఎన్‌క్లోజర్ పోర్టు’. కరెంటు తీగది మరొకటి, లాన్ తీగది ఇంకొకటి. వైద్య పరికరాల ప్రమాణమైన ఐఈసీ 60601-1-2లో రోగి ఒంటికి తగిలే తీగలకూ ప్రత్యేక పోర్టు ఉంది.

ఇన్ని రకాలెందుకు? 150 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 2 కిలోమీటర్లు. అంత పొడవైన తరంగాన్ని చిన్న పెట్టె గాలిలోకి బలంగా పంపలేదు. అలాంటి అనవసర ఉద్గారం (రొద) తీగల వెంటే పోతుంది. అందుకే 30 మెగాహెర్ట్జ్ వరకు తీగల మీద కొలుస్తారు. అక్కడ తరంగదైర్ఘ్యం 10 మీటర్లకు దిగుతుంది, మామూలు తీగే యాంటెన్నా అయిపోతుంది. ఆపైన గాలిలో యాంటెన్నాతో కొలుస్తారు.

పొరపాట్లు జరిగేది పేర్ల దగ్గరే. కంప్యూటర్లు, టీవీల ప్రమాణం సిస్పర్ 32 ప్రకారం లాన్ సాకెట్ ‘వైర్డ్ నెట్‌వర్క్ పోర్టు’. దాని తీగ మీద కూడా ఉద్గారాలు కొలవాలి. అదే తీగలో కరెంటు వచ్చినా వర్గం మారదు. పక్కనున్న యూఎస్‌బీ మాత్రం ‘సిగ్నల్ పోర్టు’. సొంత అడాప్టరుతో నడిచే పరికరం డీసీ పిన్నుతో కనిపించినా, ఏసీ పరికరంగానే లెక్క. అడాప్టరుతో సహా పరీక్షించాలి.

వాడే చోటు కూడా ముఖ్యమే. ఉక్కు కర్మాగారం లాంటి పారిశ్రామిక వాతావరణానికి క్లాస్ ఏ, ఇళ్లకు క్లాస్ బి. ఏసీ తీగ మీద 0.5–5 మెగాహెర్ట్జ్ మధ్య క్వాసీ-పీక్ (రొద ఎంత తరచుగా వస్తుందో లెక్కలోకి తీసుకునే కొలత) పరిమితి ఏకి 73, బికి 56 డెసిబెల్ మైక్రోవోల్టులు. అంటే ఇళ్లలో వాడే పరికరానికి అనుమతించే వోల్టేజీ సుమారు ఏడో వంతే.

విశాఖలో కొత్తగా పరికరాలు రూపొందిస్తున్న యువ ఇంజనీర్లకు ఒక్క మాట: సర్క్యూట్ బోర్డు గీయకముందే మీ పరికరంలోని ప్రతి పోర్టుకూ వర్గం, తీగ పొడవు, వర్తించే పరిమితి పట్టికగా రాసుకోండి. రొదను ఆపే ఫిల్టరు ఎక్కడ పెట్టాలో ఆ పట్టికే చెబుతుంది.