సంఘపు సర్వరునకు నిలువ కరెంటు

పంట ఋణముల గడువు సమీపించిన దినములలో నేనొక గ్రామ సంఘ కార్యాలయమున కూర్చుండి యుంటిని. సాయంకాలము నాలుగు గంటల వేళ. రైతులు వరుసగా పైకము చెల్లించుచుండిరి. గుమాస్తా కంప్యూటరులో పద్దులు వేయుచుండెను. ఇంతలో కరెంటు పోయినది. అరగంటకు కరెంటు తిరిగి వచ్చినది గాని సర్వరు మాత్రము లేవలేదు. మరునాడు మెకానిక్కు వచ్చి దానిని లేపిన పిమ్మట చూడగా, ముందటి నాటి పద్దులలో పదునొకండు కానరాలేదు. పదుగురి యొద్ద రసీదులుండెను. పదునొకండవ యాతడు వృద్ధుడు. రసీదు అచ్చు కాకమునుపే కరెంటు పోయినందున, "రేపు వచ్చి తీసికొందును లెండి" అని వెడలిపోయినవాడు. ఆయన పైకము చెల్లించుట నేను కన్నులార చూచితిని. కాని యంత్రములో లేదు.

పెట్టెలోని రొక్కము లెక్కకు మించి యుండుటచే ఆయన మాట నిలిచినది. ఆ రొక్కము గూడ సరిచూడకమునుపే బ్యాంకునకు పంపియున్నచో ఆ వృద్ధుని గతి యేమి? మూడు లక్షల రూపాయలలోపు పంట ఋణమును గడువులోపల తీర్చిన రైతునకు వడ్డీలో 3 శాతము కేంద్ర ప్రభుత్వపు రాయితీ కలదు. లక్ష రూపాయల యప్పుపై సంవత్సరమునకు అది 3,000 రూపాయలు. పద్దు తేదీ గడువు దాటిన దనగా ఆ రాయితీ పోయినట్లే. సంఘమువారు పై బ్యాంకునకు వ్రాసి, తిరిగి, ఆ తేదీలను సరిచేయించుకొనుటకు మూడు వారములు పట్టినది. ఇంత శ్రమకును మూలము కార్యాలయమందు తగిన నిలువ కరెంటు లేకపోవుటయే.

దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకై 2022 జూను నెలలో కేంద్ర మంత్రివర్గము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. అందుచేత నేడు మన లెక్కలు కాగితపు బొత్తులలో గాక యంత్రములలో నుండుచున్నవి. కొన్ని చోట్ల ఖాతాలు దూరమందలి సర్వరులలో నుండును. కొన్ని పెద్ద సంఘములు గిడ్డంగి, ఎరువులు, పాల సేకరణ లెక్కలకై సొంత సర్వరు నుంచుకొనుచున్నవి. సర్వరనగా తక్కిన కంప్యూటరులన్నియు అడిగిన లెక్కను అందించుచు, అవి పంపిన పద్దును దాచుచు నుండు పెద్ద కంప్యూటరు. సొంత సర్వరు లేని సంఘమువారికి గూడ ఈ క్రింది సంగతులలో చాలభాగము వర్తించును.

కరెంటు పోయిన యంతమాత్రమున పద్దు ఏల పోవలెనని రైతులు నన్నడుగుచుందురు. సర్వరునకు ఒక పలకయు, ఒక ఖాతా పుస్తకమును కలవని యెంచుకొనుడు. వచ్చిన పద్దును మొదట పలకపై వ్రాసికొని, పిమ్మట పుస్తకమున కెక్కించును. పలకపై వ్రాత కరెంటు ఉన్నంతవరకే నిలుచును. కరెంటు పోయిన మరుక్షణమే పలక తుడుచుకొని పోవును. ఎక్కించుచుండగా పోయినచో పుస్తకములో సగము పంక్తి మిగులును. ఆ సగము పంక్తి లేనిదానికంటె హాని. దానివలననే యొక్కొక్కప్పుడు సర్వరు లేవనని మొండికేయును.

దీనికి ప్రతిక్రియగా వాడు యంత్రమునకు యూపీయస్ అని పేరు. అందు మూడు భాగములు ముఖ్యము. లైను కరెంటును బ్యాటరీకి ఎక్కించు ఛార్జరు ఒకటి, నిలువయుంచు బ్యాటరీలు రెండవది, బ్యాటరీ కరెంటును మరల 230 వోల్టుల కరెంటుగా మార్చు ఇన్వర్టరు మూడవది. ఇండ్లలో ఫ్యానులకై పెట్టుకొను ఇన్వర్టరులోను ఇవియే కలవు గదా, అదే చాలదా యని కొందరు పొదుపరులైన అధ్యక్షులు అనుచున్నారు. చాలదు. కరెంటు పోయినపుడు ఇంటి ఇన్వర్టరు బ్యాటరీపైకి మారుటకు కొంత వ్యవధి పట్టును. ఫ్యాను ఆ వ్యవధిని ఎఱుగదు. కంప్యూటరు సెకనులో ఏబదవ వంతుకు మించి ఓర్చుకొనుట కష్టము. ఆన్‌లైను యూపీయస్ అను రకములో సర్వరు ఎల్లప్పుడును ఇన్వర్టరు నుండియే కరెంటు తీసికొనుచుండును గనుక మారుటయే లేదు. లైనులోని హెచ్చుతగ్గులు గూడ దానికి తగులవు. పల్లెలలో వోల్టేజి నిలుకడ మనమెఱిగినదే. కావున సర్వరునకు ఆన్‌లైను రకమునే కొనవలెనని నా నిశ్చితాభిప్రాయము. ధర హెచ్చే, నిజమే.

ఎంత పెద్దది కొనవలెను? దుకాణదారుని అడుగుటకు ముందు మీరే లెక్క వేసికొనుడు. సర్వరు 250 వాట్లు, గుమాస్తాల కంప్యూటరులు రెండును 200 వాట్లు, ఇంటర్నెట్టు పెట్టెలు 30 వాట్లు, మొత్తము 480 వాట్లు అనుకొందము. యూపీయస్‌పై వాట్లు గాక కేవీఏ అని వ్రాసియుండును. ఒక కేవీఏ యంత్రము 800 వాట్లు మాత్రమే మోయునని దాని చీటీపైనే యుండవచ్చును, చదువుకొనవలెను. 480 అనగా అందులో 60 పాళ్లు. ఇది తగిన బరువు. దీనికి 12 వోల్టుల, 42 ఆంపియరు-గంటల బ్యాటరీలు మూడు వరుసగా కలిపినచో 36 వోల్టులగును. 36ను 42చే గుణింపగా 1,512 వాట్-గంటలు. ఇదంతయు చేతికి రాదు. మార్చుటలో కొంత పోవును, బ్యాటరీని అడుగంట తోడరాదు, వేగముగా తోడినకొలది నిలువ తగ్గును. నూటికి అరువది దక్కునని యెంచినచో సుమారు 900. 480 వాట్ల బరువునకు రెండు గంటలకు కొంచెము తక్కువగా వచ్చును.

ఇంకను ఎక్కువసేపు కావలెనని బ్యాటరీలను రెట్టించువారు ఛార్జరు సంగతి మరచుచున్నారు. 42 ఆంపియరు-గంటల వరుసకు 4 ఆంపియర్ల ఛార్జరున్నచో ఖాళీయైనది నిండుటకు పది పండ్రెండు గంటలు పట్టును. కాలువ చిన్నదైనపుడు చెఱువును వెడల్పు చేసిన ప్రయోజనమేమి?

బ్యాటరీలను గూర్చి వివరముగా చెప్పవలసియున్నది. ఏలననగా యూపీయస్ చెడినదని నాతో చెప్పిన సంఘములలో పెక్కింటియందు చెడినది యూపీయస్ కాదు, బ్యాటరీయే. వేడిమి దీనికి మొదటి శత్రువు. సుమారు 25 డిగ్రీల చల్లదనమున ఐదేండ్లు మన్నునది, అంతకు పది డిగ్రీలు హెచ్చినచో సగము కాలమే మన్నును. రెంటచింతల ఎండలో రేకుల గదియందుంచిన బ్యాటరీ గతి మీరే యూహింపుడు. ఉత్తరపు గోడ ప్రక్కన, గాలి యాడుచోట, నేలనుండి జానెడెత్తు బల్లపై నుంచుడు. ఎరువుల బస్తాల నడుమ ఉంచకుడు.

నీరు పోయు ట్యూబులరు బ్యాటరీలైనచో నెలకొకసారి మట్టము చూచి డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. బోరునీటిలోని లవణములు పలకలను తినివేయును; త్రాగుటకు కొను ప్లాంటు నీరును పనికిరాదు. ఛార్జి యగునపుడు బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లు చేరినచో నిప్పురవ్వకు ప్రేలును. బీడీ, అగ్గిపుల్ల ఆ గదిలో కూడవని వేరుగ చెప్పనక్కరలేదు గాని, ఆయుధపూజనాడు బ్యాటరీల ముందు కర్పూరము వెలిగించుట నేను చూచియున్నాను. ఆ హారతిని గడప యవతలనే యిండు. ఆమ్లము ఒంటిపై చిందినచో వెంటనే మంచినీటితో పావుగంటసేపు కడుగవలెను. బిగింపులు విప్పునపుడు చేతి ఉంగరములు, కడియములు తీసివేయుడు.

వరుసలో నొకటి చెడినదని ఆ యొకదానినే క్రొత్తది వేయుట పొదుపువలె తోచును. కాడికి ఒకవైపు కోడెను, ఒకవైపు ముసలి యెద్దును కట్టినట్లే యగును. ఛార్జరు వానిని సమముగా నింపలేదు, త్వరలోనే క్రొత్తదియు చెడును. వరుస నంతటిని ఒకేసారి, ఒకే రకమువి, మార్చవలెను. బలహీనమైనదానిని కనుగొనుటకు, బరువు నడచుచుండగా మీటరుతో ఒక్కొక్కదానిని కొలువుడు. తక్కినవి 12 వోల్టుల దగ్గర నుండగా ఒకటి 10.5కు జారినచో దాని పని ముగిసినది.

ఎర్తింగు మోటారు షెడ్డుకెంత ముఖ్యమో సర్వరునకు నంతే. గొట్టము, బొగ్గు, ఉప్పు వేసి గొయ్యి తీసినంతమాత్రమున కాదు. ఎండకాలమున దానిలో నీరు పోయుచుండవలెను. తడి యారిన ఎర్తింగు పేరునకే.

ఇక జనరేటరు. గంట రెండు గంటల కోతకు బ్యాటరీలు చాలును. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమున హుద్‌హుద్ తుపాను తీరము దాటినపుడును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమును పెకలించినపుడును, పల్లెలకు కరెంటు దినముల కొలది రాలేదు. అట్టి వేళ డీజిలు జనరేటరే దిక్కు. అది యూపీయస్ కంటె రెండింతల శక్తి గలదై యుండవలెను. చౌకరకపు చిన్న జనరేటరుల వేగము నిలుకడగా నుండదు గనుక యూపీయస్ ఆ కరెంటును త్రోసివేసి బ్యాటరీపైననే నడచును. ఇంజను మ్రోయుచుండగనే బ్యాటరీ ఖాళీయగును. కొనకముందు రెంటిని కలిపి నడిపించి చూడుడు. నెలకొకసారి అరగంటసేపు బరువుతోనే నడుపవలెను. బరువు లేక ఊరక నడిపినచో మసి పేరుకొనును. గదిలో నడుపకుడు. దాని పొగలోని కార్బను మోనాక్సైడు కంటికి కనబడదు, ముక్కునకు తెలియదు, నిద్రించువానిని నిద్రలోనే చంపును.

ఒక్క మాటను మాత్రము ఎంత గట్టిగా చెప్పినను చాలదు. జనరేటరు తీగను గోడలోని ప్లగ్గునకు గ్రుచ్చి కార్యాలయమంతటికి కరెంటు నిచ్చు దుస్సాహసము కొన్నిచోట్ల కలదు. మెయిను తీయుట మరచినచో ఆ కరెంటు లైనులోనికి పోవును. మన వీధి ట్రాన్సుఫార్మరు 11,000 వోల్టులను తగ్గించునది గదా. వెనుకనుండి కరెంటు వచ్చినచో అదే యంత్రము 230ని తిరిగి వేలకు పెంచును. కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మాన్ ఆ తీగను పట్టుకొనును. అతడును మన యూరివాడే. ఫేజును న్యూట్రలును రెంటిని విడదీసి, లైనో జనరేటరో ఒక్కటే కలియనిచ్చు చేంజోవరు స్విచ్చిని లైసెన్సుగల పనివానిచే పెట్టించనిదే జనరేటరు కొననే కొనకుడు.

నడిపించుట యందు గుమాస్తా తెలిసికొనవలసినవి కొన్ని. బ్యాటరీ ఉన్నదని చివరి నిమిషము వరకు పని చేయరాదు. యూపీయస్ నుండి సర్వరునకు చిన్న తీగ కలిపి, బ్యాటరీ తగ్గగనే సర్వరు తనంతట తానే పద్దులు ముగించుకొని ఆగునట్లు ఏర్పాటు కలదు. ఇందుకు నెట్‌వర్క్ యూపీయస్ టూల్స్ అను ఉచిత సాఫ్టువేరు గూడ దొరకును. దీనిని అమర్చనిచో, రాత్రివేళ కరెంటు పోయినపుడు సర్వరును ఆపువారెవరు? కరెంటు వచ్చిన వెంటనే సర్వరును లేపుటయు మంచిది కాదు. అదే క్షణమున పొలములలోని ఆటోస్టార్టరులన్నియు ఒక్కుమ్మడిగా మోటారులను లేపును. వోల్టేజి కుంగును, ఒక్కొక్కప్పుడు ఫ్యూజు పోయి మరల చీకటియగును. బ్యాటరీ కొంత నిండువరకు పది పదునైదు నిమిషములు ఆగుడు.

యూపీయస్ ముఖముపై బైపాసు అను దీపము వెలుగుచున్నచో సర్వరు తిన్నగా లైనుపై నున్నదని యర్థము. ఇన్వర్టరు బరువు మోయలేకయో చెడియో తప్పుకొనినది. దీపము వెలుగుచున్నది గదాయని తృప్తిపడి నెలలు గడపిన సంఘము నొకదానిని నేనెఱుగుదును. లేజరు ప్రింటరు, ఫ్యాను, టీ కాచు కెటిలు యూపీయస్‌కు కలుపరాదు. నెలకొక ఆదివారము, లెక్కల నకలు వేరు డిస్కుపై తీసికొని, మెయిను ఆపి చూచి, ఎన్ని నిమిషములు నడచినదో రిజిష్టరులో వ్రాయవలెను. మొదట రెండు గంటలు నడచినది గంటన్నరకు దిగినపుడే క్రొత్త బ్యాటరీల ఖర్చును కార్యవర్గపు అజెండాలో చేర్పుడు. అది ఆగిపోవువరకు వేచియుండకుడు. ఆ రిజిష్టరును చూపుమని సర్వసభ్య సమావేశమున అడుగు హక్కు ప్రతి సభ్యునకు గలదు. అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

పాత బ్యాటరీలను క్రొత్తవి కొనునపుడే దుకాణదారునకిచ్చి ధరలో తగ్గింపు పొందవచ్చును. 2022 నాటి నిబంధనల ప్రకారము వానిని తిరిగి సేకరించు బాధ్యత తయారుచేయువారిది. లోని సీసము విషము గనుక, వానిని పగులగొట్టి చెఱువు గట్టున పారవేయుట గాని, ఇనుప సామానువానికి తూచి యిచ్చుట గాని కూడదు.